సిరియా పక్కకు పెట్టి మోజాంబిక్ చదువు బిడ్డా

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌ల పంపిన ఎస్సే చదివిన. బయటిదేశాలు దూరిన అంతర్యుద్ధాన్ని దౌత్యం ఆపగలదా అంటే, ఆపగలదు కానీ రాజకీయ సంకల్పం ఉండాలె అని రాసినవ్. అశోక్‌నగర్‌ల ఏ కోచింగ్ సెంటర్ నోట్సు తిప్పినా ఇదే లైను ఉంటది, పేపర్ దిద్దేటాయనకు నిద్రొస్తది. సంకల్పం అన్న మాట కొట్టేసి ఒక్కటే అడుగు: తుపాకులకు, జీతాలకు పైసలు ఎవరు పంపుతున్నరు, వాళ్లకు అది ఎప్పుడు బరువైంది?

ఓయూల నేను పాఠం చెప్పినన్ని రోజులు మోజాంబిక్, అంగోలా రెండిటిని పక్కపక్కన పెట్టి చెప్పేటోన్ని, నువ్వు గూడ అట్లనే రాయి. రెండూ పోర్చుగల్ చేతి నుంచి 1975లనే బయటపడ్డయి, రెండు చోట్లా తిరుగుబాటుదార్ల వెనక దక్షిణాఫ్రికా తెల్ల సర్కారు ఉండె. మోజాంబిక్‌ల రెనామో అనే తిరుగుబాటు దళానికి మొదలు రొడీషియా (ఇప్పటి జింబాబ్వే), తర్వాత దక్షిణాఫ్రికా పెట్టుబడి పెట్టినయి. 1990 వచ్చేసరికి వాళ్లకు బయట దిక్కు లేకుండయింది, అటు ప్రభుత్వానికేమో సోవియట్ సాయం ఎండిపోయింది, పైంగ కరువు. గప్పుడు రోమ్‌ల సాంత్ ఎజిదియో అనే క్యాథలిక్ సంఘం ఇద్దర్ని కూసోబెట్టింది, రెండేండ్లకు పైగా మాట్లాడి 1992 అక్టోబర్ 4న సంతకాలు పెట్టిన్రు.

అసలు కథ సంతకాల తర్వాతనే ఉన్నది, నువ్వు అక్కడ్నే వదిలేసినవ్. ఐక్యరాజ్యసమితి ఆరు వేలకు పైగా మందిని దింపింది, ఎన్నికలను తొందరపడకుండ 1994 అక్టోబర్ దాకా జరిపి ముందు సైనికులతో తుపాకులు దింపిచ్చి ఇండ్లకు పంపింది, రెనామో పార్టీగా బతకాలని ఇటలీ వాళ్లు ముందుండి డబ్బులు ఇచ్చిన్రు. లంచం అనుకుంటే లంచమే, యుద్ధం కన్న చవుక.

అంగోలాల బయటోళ్ల సంగతి దౌత్యంతోనే తేలింది, ఇది గట్టిగ రాయి. 1988 డిసెంబర్‌ల న్యూయార్క్‌ల ఒప్పందం, దాంతోని అంగోలా ప్రభుత్వానికి తోడొచ్చిన క్యూబా సైన్యం వాపస్ పోవుడు ఖాయమైంది, దక్షిణాఫ్రికా చేతిల ఉన్న నమీబియాకు 1990ల స్వాతంత్ర్యం వచ్చింది. లోపటోళ్ల సంగతి మాత్రం తేలలే. 1991ల ఇంకో ఒప్పందం అయింది, దాని మీద 1992 సెప్టెంబర్‌ల ఎన్నికలు, కానీ ఐరాస సైనిక పరిశీలకులు 350 మందే. మిషన్ హెడ్ మార్గరెట్ ఆన్‌స్టీ, చిన్న డీసీ-3 విమానానికి సరిపోయే ఇంధనం పోసి పెద్ద 747 విమానం నడపమన్నట్టుంది అన్నది (ఆ మిషన్ మీద భద్రతా మండలి తీర్మానం నంబరు గూడ 747ఏ!). తిరుగుబాటు దళం యునిటా నాయకుడు సవింబి మొదటి రౌండ్‌ల వెనకబడ్డడు, మోసం అన్నడు, మళ్ల యుద్ధానికి పోయిండు, అమెరికా సాయం పోయినా చేతిల వజ్రాల గనులు ఉండె గదా. 2002 ఫిబ్రవరిల ఆయన్ని చంపినంకనే ఆగింది.

శ్రీలంక గురించి మన ఎగ్జామ్‌ల రాయకపోతే తప్పయితది. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకం పెట్టిన్రు, తుపాకి పట్టుకున్న ఎల్టీటీఈ పెట్టలే. ఆయుధాలు తీసుకోనీకి పోయిన మన సైన్యం వాళ్లతోనే కొట్లాడవలసొచ్చింది, వెయ్యికి పైగా జవాన్లు పోయిన్రు, 1990 మార్చిల వాపస్.

సిరియాకు నువ్వు రెండు పేజీలు పెట్టినవ్, ఒక పేరా చాలు. 2012 జెనీవా ప్రకటన, 2015ల భద్రతా మండలి 2254 తీర్మానం, ఏదీ సిరియా అధ్యక్షుడు అసద్‌ను కదిలించలే. 2024 డిసెంబర్‌ల ఆయన పడిపోయింది చర్చలతోని కాదు, రష్యా ఉక్రెయిన్‌ల ఇరుక్కుంది, లెబనాన్ దళం హిజ్బుల్లా ఇజ్రాయెల్ చేతిల దెబ్బతిన్నది, పట్టుకునేటోళ్లు లేకుండయిన్రు. యెమెన్ పేరా బాగుంది, బార్కస్‌ల మందీ తినొచ్చి రాసినట్టున్నవ్. కాకపోతే 2023 మార్చిల బీజింగ్‌ల సౌదీ, ఇరాన్ చేతులు కలిపితే అయిపోయినట్టు రాసినవ్, యెమెన్ తిరుగుబాటుదార్లు హౌతీలు ఎక్కడివాళ్లు అక్కడ్నే ఉన్నరు, అది దిద్దు.

ఇప్పుడు సూడాన్ మీద ఒక పేరా నువ్వే రాయి. 2023 ఏప్రిల్‌ల మొదలైంది, మే నెలల్నే సౌదీల జెద్దాల చర్చలు పెట్టిన్రు, ఎందుకు నిలబడలేదు? రెండు దిక్కుల సైన్యాలకు బంగారం ఎట్ల పనికొస్తున్నదో, ఈజిప్టు ఎవరి దిక్కున్నదో, ఎమిరేట్స్ మీద ఆరోపణ ఏందో, వాళ్లు కాదంటున్నరన్న సంగతి సుద్ద రాయి. ఆదివారం లోపు పంపు, ఈసారి పీడీఎఫ్ వద్దు, ఫోన్‌ల అక్షరాలు కనవడ్తలేవు, ప్రింటు తీసి అమ్మతోని పంపియ్యి.

మీ మామయ్య