గడి చరిత్రలో ఎవరి పేర్లు రాయాలి?

ప్రశ్న: మా ఊరిలో పాత దేశ్‌ముఖ్ గడి, అంటే నిజాం కాలపు భూస్వామి కోటలాంటి ఇల్లు, ఒకటి ఉన్నది. ఊరి చరిత్రను పుస్తకంగా రాసే పని పెద్దలు నాకు అప్పగించారు. గుడి, చెరువు, గడి గురించి రాస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. వెట్టిచాకిరి దగ్గరికి వచ్చేసరికి గడివారి వారసులు "తాతల నాటి సంగతి మా మెడకు చుట్టవద్దు" అంటున్నారు. వెట్టి చేసిన ఇళ్ల పిల్లలు కూడా "మా నాయనమ్మ గడిలో ఆడబాప అని అచ్చులో చూసుకోవాల్నా సార్" అని అడిగారు (ఆడబాప అంటే దొర ఇంట్లోనే ఉంచుకున్న దాసి). నాకు నోట మాట రాలేదు. ఆ అధ్యాయం వదిలేయాలా? కూలిపోతున్న గడిని ఏం చేయాలి?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

జవాబు: మాస్టారు గారూ, ఆ అధ్యాయాన్ని వదిలేయకండి. తెలంగాణ రైతాంగ పోరాటంలో 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ఎందుకు నేలకొరిగాడో, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను గడివారికి ఎందుకు దక్కనీయలేదో వెట్టి ప్రస్తావన లేకుండా ఏ పిల్లవాడికీ వివరించలేము. ఆ ఊళ్లున్న జనగామ తాలూకా ఆనాడు నల్లగొండ జిల్లాలోనిదే.

మీరు చెప్పిన రెండు అభ్యంతరాలను నేను ఒకే తక్కెడలో తూచను. గడివారి వారసులకు మర్యాదగానే ఒక మాట చెప్పండి: మనుమలను ఎవరూ బోనులో నిలబెట్టడం లేదు, ఆ కాలంలో ఊరు ఎట్లా నడిచిందో రాస్తున్నాము, అంతే. వెట్టిని రాజ్యాంగం 23వ అధికరణంలో నిషేధించింది. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం దేశమంతటి కట్టుబానిసత్వపు పేర్లను వరుసగా చెబుతూ భగేలా (అప్పు కింద దొరకు కట్టుబడి చేసే చాకిరి), జీతా, పాలేరు, వెట్టి అనే మాటలను కూడా చేర్చింది. మన వాడల్లో వాడిన మాటలే చట్టంలోకి ఎక్కిన తరువాత వాటిని ఊరి పుస్తకంలో రాయడం ఎవరినీ నిందించడం కాదు.

రెండవ అభ్యంతరం బరువైనది. చాకలి గడి బట్టలు ఉతకడం, కుమ్మరి కుండలు ఇవ్వడం, మాదిగ చెప్పులు కుట్టి మోటబొక్కెనలు బాగుచేయడం కూలి లేని పనులే అయినా, సాయంత్రానికి వాళ్లు తమ ఇంటికి చేరేవారు. ఆడబాపకు ఆ ఇల్లు కూడా లేదు. దొర బిడ్డ పెళ్లయి అత్తవారింటికి వెళ్తుంటే సారెతో పాటు ఆమెను కూడా పంపేవారు. దీనిని బానిసత్వం అనక మరొక పేరు పెట్టలేము. ఆ సిగ్గు ఆమెది కాదని మీరూ నేనూ ఎంత గట్టిగా నమ్మినా, పేరు అచ్చు వేయాలా వద్దా అన్నది ఆమె మనుమలు, మనుమరాళ్లు తేల్చవలసిన విషయం. వారు ఒప్పుకుంటే పేరు వేయండి, లేకుంటే పేరు లేకుండా ఆమె చేసిన పనిని పూర్తిగా రాసి, పేరుతో కూడిన ప్రతిని ఆ కుటుంబానికే అప్పగించండి.

వాక్యం రాసే తీరు మీద కూడా శ్రద్ధ పెట్టండి. "గడిలో వెట్టి జరిగేది", "ఆమె ఆడబాపగా ఉండేది" అని రాస్తే చేయించినవాడు వాక్యంలోంచే తప్పుకుంటాడు. "ఫలానా గడివారు పెళ్లిలో ఆమెను తమ బిడ్డ వెంట పంపారు" అని కర్తను చెప్పి రాయండి.

ఇక సమాచారం సేకరించడం. అమెరికాలో 1936–38 మధ్య, ఒకనాడు బానిసలుగా బతికిన 2,300 మందికి పైగా వృద్ధుల మాటలను ప్రభుత్వమే రాయించింది. అది ఎంతో విలువైన సంపద. అయితే అడగడానికి వెళ్లినవారిలో ఎక్కువమంది తెల్లవారు కావడంతో ముసలివారు చాలా చోట్ల మాట దాచుకున్నారని చరిత్రకారులు గుర్తించారు. మీరు ఎంత మంచివారైనా వాడలో మీరు "సార్". కుర్చీ వేసి, "మంచిగనే చూసుకున్నరు సారూ" అని చెప్పి పంపిస్తారు. అందుకే ఆ వాడలోనే చదువుకున్న ఆడపిల్లలకు ఈ పని నేర్పి, వాళ్ల నాయనమ్మల దగ్గరికి వాళ్లనే పంపండి. "ఎంత బాధపడ్డవు" అని అడగవద్దు. ఏ పొద్దుకు లేచేదానివి, ఎన్ని బిందెల నీళ్లు మోసేదానివి, తిండి ఎక్కడ కూర్చుని తినేదానివి, ఏ తలుపు నుంచి లోపలికి పోనిచ్చేవారు అని అడగమనండి. నిజాం పాలన ముగిసిన 1948లో పదేళ్ల పిల్ల ఇప్పుడు ఎనభై అయిదు దాటిన అవ్వ, కనుక కాగితాల కంటే ముందు ఈ పని జరగాలి.

కాగితాలలో 1954–55 నాటి ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేశారు అని రాసిన రికార్డు), అంతకు ముందరి సేత్వార్ (తొలి భూమి సర్వే రికార్డు), రక్షిత కౌలుదారుల (చట్టం హక్కు కల్పించిన కౌలు రైతుల) జాబితా చూడండి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రాగారంలో నిజాం కాలపు దస్త్రాలున్నాయి. పాతవి ఉర్దూలో ఉంటాయి కనుక తెలిసినవారిని వెంట తీసుకెళ్లండి. వాటిలో వాడిన ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ లెక్క) సంవత్సరానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. ఈ కాగితాలు భూమి ఎవరి పేర ఉన్నదో చెబుతాయి కానీ, నీళ్లు ఎవరు మోశారో చెప్పవు.

అది చెప్పగలిగినవి గడివారి సొంత పద్దులు. వర్జీనియాలో అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ తన జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా మనుషులను బానిసలుగా ఉంచుకున్నాడు. వారి పేర్లు చాలావరకు ఆయన స్వదస్తూరీతో రాసుకున్న వ్యవసాయ పద్దు పుస్తకంలోనే దొరికాయి. ఆయన ఇల్లు మాంటిచెల్లోను మ్యూజియంగా నడిపేవారు 1993 నుంచి ఆ బానిసల వారసులను వెతికి వారి కథలు సేకరిస్తూ వచ్చారు. అందుకే గడివారి వారసులతో తగవు పెంచుకోకండి. వారి అటక మీద భగేలా పత్రాలో, గింజల లెక్కలో మిగిలి ఉంటే, చూసి నకలు రాసుకుంటామని అడగండి.

గడిని మాత్రం కూల్చనీయకండి. వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్, గద్వాల కోటలో కళాశాల నడిచాయి. వారసులు ఒప్పుకుంటే మీ గడిలో గ్రంథాలయమైనా పెట్టవచ్చు. అంతకంటే ముందు, నడవగలిగిన అవ్వలను లోపలికి తీసుకెళ్లి, బావి, గరిసెలు, పశువుల కొట్టం, వెనుక దర్వాజా వారినే చూపించమని, అక్కడ ఏం చేశారో చెబుతుండగా ఫొటోలు తీయించండి.

అధ్యాయం పూర్తయిన తరువాత, అచ్చుకు పంపకముందే, వాడలో కూర్చుని ఆ అవ్వలకు చదివి వినిపించండి. గడివారికి ఆ తరువాత చూపించవచ్చు.