ఫర్నేస్ దగ్గర ఉద్యోగం: చేరమనాలా, వద్దనాలా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాడు. బాలానగర్‌లో గేర్లకు, షాఫ్టులకు హీట్ ట్రీట్‌మెంట్ చేసే షాపులో ట్రైనీగా రమ్మన్నారు. ఫర్నేస్ దగ్గర పని అంటే మాకు టెన్షన్‌గా ఉంది. మాన్పించి సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్ల) కోర్సులో చేర్చమంటారా?

జవాబు: అప్పుడే వద్దనకండి. అలాగని షాపు చూడకుండా పంపకండి.

పని సంగతి ముందు చెబుతాను. గేరు పన్ను పైన అరగకూడదు, లోపల విరగకూడదు. మొత్తం గట్టిపరిస్తే గట్టి దెబ్బ తగిలినప్పుడు పుటుక్కున విరుగుతుంది, మెత్తగా వదిలేస్తే కొన్నాళ్లకే అరిగిపోతుంది. అందుకే 0.2 శాతం కార్బన్ ఉన్న స్టీలును 900-950 డిగ్రీల వేడిలో, కార్బన్ ఇచ్చే గ్యాసులో గంటల తరబడి ఉంచి, పై పొరలో కార్బన్‌ను 0.8 శాతం దాకా పెంచి, ఒక్కసారిగా చల్లారి గట్టిపడేలా నూనెలో ముంచుతారు. గట్టిపడే పొర మిల్లీమీటరుకు అటూ ఇటూ, అంతే. దీన్ని కార్బురైజింగ్ అంటారు. ఈఎన్8 అనే రకం స్టీలు లాంటి 0.4 శాతం కార్బన్ షాఫ్టుకు ఇంత అక్కర్లేదు, ఇండక్షన్ కాయిల్‌తో (కరెంటుతో వేడెక్కించే చుట్టతో) పైభాగాన్ని సెకన్లలో ఎర్రగా కాల్చి నీళ్లు చిమ్మితే సరిపోతుంది. నైట్రైడింగ్ (పై పొరలోకి నైట్రోజన్ ఎక్కించడం) అయితే 500-550 డిగ్రీలే, ముంచే పనే లేదు కాబట్టి ముక్క పెద్దగా వంకరపోదు, కాకపోతే పొర పలచన, రోజుల తరబడి పట్టొచ్చు.

ఏ ముక్కకు ఏది చేయాలో, పగులు ఎందుకొచ్చిందో చెప్పగలిగినవాడికే ఈ రంగంలో విలువ. బుట్టలు ఫర్నేసులోకి ఎక్కించి దించుతూ మూడేళ్లు గడిపితే మీవాడికి ఒళ్లు నొప్పులు తప్ప మిగిలేదేమీ ఉండదు.

కాబట్టి మీరూ తోడు వెళ్లండి. ల్యాబ్ చూపించమనండి. గట్టిదనం కొలిచే రాక్‌వెల్ మెషిన్ ఒక్కటే ఉందా, ముక్క కోసి పొర లోతు కొలిచే మైక్రో వికర్స్, మైక్రోస్కోప్ కూడా ఉన్నాయా, ట్రైనీలను కొన్ని నెలలు అక్కడ పెడతారా అని అడగండి. సైనైడ్ సాల్ట్ బాత్ (విషపు సైనైడ్ కలిసిన కరిగిన ఉప్పు తొట్టి) ఉందా అన్నది మొహమాటం లేకుండా అడగాలి. నైట్రైడింగ్‌లో అమ్మోనియా వాడతారు, అదీ అడగండి. పొగను, ఆవిరిని బయటికి లాగే ఏర్పాటు, మాస్కులు సరిగ్గా లేకపోతే జీతం ఎంతైనా వద్దు, ఇందులో రెండో మాట లేదు.

సీఎన్‌సీ ఎక్కడికీ పోదు. బాలానగర్‌లోనే ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో స్వల్పకాలిక కోర్సులున్నాయి, తర్వాతైనా చేయొచ్చు. గట్టిపరిచాక గేరు ఎంత వంకరపోతుందో, గ్రైండింగ్‌కు ఎంత మెటల్ వదలాలో తెలిసిన కుర్రాడికి ఆ కోర్సు ఇంకా బాగా ఎక్కుతుంది. చదువు మీద మనసుంటే డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారీ ఉంది.

షాపు చూసొచ్చాక ల్యాబ్‌లో ఏమున్నాయో, సాల్ట్ బాత్ గురించి ఏం చెప్పారో రాయండి. చేరమనాలో వద్దో అప్పుడు ఖాయంగా చెబుతాను.