ప్రసూతి సెలవు తగ్గిస్తే ఆడవాళ్లకు ఉద్యోగాలు పెరుగుతాయా?

ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచినప్పటి నుంచి కంపెనీలు పెళ్లయిన ఆడపిల్లలను ఉద్యోగంలోకి తీసుకోవడానికి జంకుతున్నాయి కాబట్టి, దాన్ని తిరిగి 12 వారాలకు తగ్గిస్తే మహిళలకే మేలు కదా అని మీరు అడిగారు. జంకుతున్న మాట నిజం. తగ్గిస్తే మేలన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. హైదరాబాదు శివార్లలోని ఒక మందుల ఫ్యాక్టరీలో క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్ అనలిస్టుగా చాలాకాలం పనిచేశాను, ఆ ఉద్యోగంలో ఉండగానే తల్లినయ్యాను. అక్కడ చూసినదాన్ని బట్టి నా అభిప్రాయం ఇది: సెలవు ఎన్ని వారాలన్న దానికంటే, ఆ వారాల జీతం ఎవరు భరిస్తున్నారన్నదే ఆడవాళ్ల ఉద్యోగాలను శాసిస్తోంది.

సెలవు మంజూరు విషయంలో మా కంపెనీని తప్పు పట్టడానికి ఏమీ లేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ 2017 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, ఇద్దరు బిడ్డల వరకు 26 వారాల వేతన సెలవు ఇవ్వాలని, అందులో ఎనిమిది వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చని చెప్పింది. దాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. నేను సెలవు మీద వెళ్లే ముందు హెచ్ఆర్ వాళ్లు క్యాంటీన్‌లో శ్రీమంతం కూడా చేసి, గాజులు తొడిగి, కేకు కోయించి, ఆ ఫోటోలను మహిళా సాధికారత అన్న శీర్షికతో కంపెనీ పేజీలో పెట్టుకున్నారు. ఈ ఆఫీసు శ్రీమంతాల మీద నాకు వేరే కోపం ఉంది. ఆ శ్రద్ధతోనే లోపల గడియ పడే గది ఒకటి కేటాయించి ఉంటే, తిరిగి వచ్చాక పాలు పిండుకోవడానికి నేను బట్టలు మార్చుకునే గదిలో గోడ వైపు తిరిగి నిలబడవలసిన అవసరం ఉండేది కాదు.

అసలు కథ తిరిగి వచ్చిన తర్వాత మొదలైంది. మందుల ల్యాబులో ఎక్కువ కాలం పనికి దూరంగా ఉన్న అనలిస్టు నేరుగా యంత్రం ముందు కూర్చోకూడదు. ఫలితం ముందే తెలిసిన నమూనాను మళ్లీ పరీక్షించి, తన ఫలితం దానితో సరిపోయిందని చూపించి, తిరిగి అర్హత పొందాలి. రోగి మింగే మాత్ర కాబట్టి ఆ నిబంధన సరైనదే, కొద్ది రోజుల్లో తేలిపోయే పని కూడా. నా విషయంలో అది నెలల తరబడి వాయిదా పడుతూ వచ్చింది. ఒకసారి ఆడిట్ ఉందన్నారు, ఒకసారి హెచ్‌పీఎల్‌సీ, అంటే మందును పరీక్షించే యంత్రం, ఖాళీ లేదన్నారు, మరోసారి చంటిపిల్ల తల్లివి, సాల్వెంట్ల మధ్య ఎందుకమ్మా, నీ మంచికే చెబుతున్నామన్నారు. ఈలోగా నన్ను డాక్యుమెంటేషన్‌లో కూర్చోబెట్టి, లాగ్‌బుక్ పేజీలకు నంబర్లు వేసి ముద్ర కొట్టే పని అప్పగించారు. నేను పని నేర్పిన కుర్రవాడు నా యంత్రం మీద పనిచేస్తూ, సందేహం వచ్చినప్పుడు మాత్రం "మేడమ్, ఈ పీక్ ఇలా చీలుతోందేమిటి" అంటూ క్రోమటోగ్రామ్ (యంత్రం గీసే గ్రాఫు) పట్టుకుని నా బల్ల దగ్గరకే వచ్చేవాడు.

తర్వాత అప్రైజల్ వచ్చింది. మా సెక్షన్ హెడ్ కూడా ఆడమనిషే. హెచ్ఆర్ మేనేజరును పక్కన కూర్చోబెట్టుకుని, "నీ పనికి వంక పెట్టేదేమీ లేదమ్మా. కానీ ఏడాదిలో సగం నువ్వు లేవు. పూర్తి ఏడాది కష్టపడిన పిల్లలకు నేనేం సమాధానం చెప్పను?" అన్నారు. ఉన్న సగం ఏడాదికే మార్కులు వేయండి మేడమ్ అన్నాను. "మా బాబు పుట్టినప్పుడు నేను పన్నెండు వారాలకే వచ్చేశాను, ఆ పన్నెండు వారాల్లోనూ ఇంటి నుంచి రిపోర్టులు చూశాను. మీకు ఆరు నెలలు ఇస్తున్నారు, ఇంకా ఏం కావాలి?" అని ఆవిడ గొంతు పెంచారు. అప్పుడు హెచ్ఆర్ సార్ చాలా శాంతంగా, తన ముందున్న కాగితం నా వైపు తిప్పి, "మేడమ్ గారిని ఏమీ అనకమ్మా. నీ ఆరు నెలల జీతం ఈ డిపార్టుమెంటు పద్దులోనే పడింది, నీ చోట పెట్టిన మనిషి జీతమూ ఇందులోనే పడింది. పెంచడానికి ఇక్కడ మిగిలిందేముంది?" అన్నారు. నాకు ఆ సంవత్సరం వచ్చింది అన్నిటికంటే కింది ఇంక్రిమెంటు.

ఆయన అబద్ధం చెప్పలేదు. అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ విభాగంలో, నెలకు 21,000 రూపాయలు దాటని జీతం ఉన్న ఆడవాళ్లు ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిధిలో ఉండేవారు. వాళ్ల సెలవూ 26 వారాలే, కానీ ఆ డబ్బును ఈఎస్ఐ కార్పొరేషన్ చెల్లించేది. యజమాని కట్టే చందా ఆడా మగా తేడా లేకుండా అందరి జీతాల మీద ఒకే శాతం, ఇప్పుడైతే 3.25. ఎవరికైనా నెల తప్పిందని తెలిస్తే అక్కడి సూపర్‌వైజరు "కాగితాలు తొందరగా పెట్టుకో తల్లీ" అనడమే తప్ప ముఖం చిట్లించగా నేను చూడలేదు. (లేబర్ కాంట్రాక్టరు కింద పనిచేసేవారి సంగతి వేరు, కడుపు కనబడే వేళకు వాళ్లు మానేసేవారు, ఎందుకు మానేశారని అడిగే నాథుడు లేడు.) ఒకే గేటు లోపల, ఒకే సెలవుకు రెండు రకాల మర్యాదలు. ఒక్క ఫ్యాక్టరీని చూసి దేశమంతటికీ తీర్పు చెబుతున్నావా అని మీరు అడగవచ్చు. చెబుతున్నాను, ఎందుకంటే ఆ కాగితం నా వైపు తిప్పిన మనిషి లాంటి వాళ్లు ప్రతి కంపెనీలోనూ ఉన్నారు.

పైగా ఇది నేను కనిపెట్టిన వాదమేమీ కాదు. 1928లో బొంబాయి శాసన మండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు చర్చకు వచ్చినప్పుడు డాక్టర్ అంబేద్కర్ దాన్ని సమర్థిస్తూ, తల్లికి విశ్రాంతి దొరకడం జాతికి మేలు కాబట్టి ఆ భారంలో అధిక భాగాన్ని ప్రభుత్వమే మోయాలన్నారు. మరుసటి ఏడాది వచ్చిన చట్టం భారాన్ని యజమాని మీదే పెట్టింది, 1961 చట్టమూ అదే దారిన నడిచింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒడంబడిక సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధి నుంచో ఈ డబ్బు రావాలంటుంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. నెలకు 15,000 వరకు జీతం ఉన్న మహిళల విషయంలో ఏడు వారాల వేతనాన్ని యజమానులకు తిరిగి ఇచ్చే పథకాన్ని ఆలోచిస్తున్నామని 2018 నవంబరులో కేంద్ర కార్మిక శాఖ ప్రకటించినప్పుడు నేను ఆశపడ్డాను. తర్వాత దాని ఊసు లేదు.

శిశు సంరక్షణ గది సంగతి చెప్పకుండా ఉండలేను. 50 మంది లేక అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోనూ అది ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి రావచ్చు. మా దగ్గరా ఉండేది. గోడలకు బొమ్మలు, మూలన ఒక చెక్క గుర్రం, తనిఖీ లేని రోజుల్లో నిండా అట్టపెట్టెలు. ఖాళీ చేయించినా ఉపయోగం లేదు, కంపెనీ బస్సులో పిల్లలను ఎక్కించుకోకూడదన్న నిబంధన ఉంది మరి.

ఇక తండ్రుల సెలవు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజులు ఇస్తారు, ప్రైవేటు ఉద్యోగికి చట్టం ఒక్క రోజు కూడా ఇవ్వదు. అందుకే ఇంటర్వ్యూలో పిల్లల గురించిన ప్రశ్న నన్నే అడుగుతారు, మా ఆయనను ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆ ఫ్యాక్టరీ మానేసి వేరే చోటికి వెళ్లినప్పుడు, నా అర్హత పరీక్ష చేరిన మొదటి వారంలోనే ముగిసింది కానీ, అంతకుముందు ఇంటర్వ్యూలో రెండో బిడ్డ ఆలోచన ఉందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసే వచ్చింది.

మీ ఇంట్లో ఎవరైనా సెలవుకు సిద్ధమవుతుంటే ఒక్క పని చేయించండి. సెలవు కాలంలో ఆమెకు నష్టం కలిగేలా ఉద్యోగ షరతులు మార్చకూడదని 1961 చట్టం 12వ సెక్షన్ చెప్పింది, 2025 నవంబరులో దాని స్థానంలో అమలులోకి వచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ రక్షణ ఉంది. పని అప్పగిస్తూ పంపే ఈమెయిల్‌లోనే, తిరిగి ఏ విభాగంలో ఏ పనిలో చేరేదీ, శిక్షణో అర్హత పరీక్షో ఉంటే అది ఏ తేదీలోగా పూర్తి చేసేదీ రాయించి, పై అధికారి నుంచి జవాబు తెప్పించుకోమనండి.