పద్యం చెబితే ఆవులింతలు, రాయమంటే గైడు: బీఎడ్ ఇంటర్న్‌షిప్‌లో ఏం చేయించాలి?

మీరు బీఎడ్ రెండో ఏడాది, తెలుగు మెథడాలజీ. ఇంటర్న్‌షిప్‌లో 7వ తరగతి ఇచ్చారు. పద్యం చెబుతుంటే పిల్లలు ఆవులిస్తున్నారు, సొంతంగా రాయమంటే గైడు చూసి దించేస్తున్నారు, పనికొచ్చే యాక్టివిటీలు చెప్పమని అడిగారు. నేను ఖమ్మం వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఏటా మా బడికి ఛాత్రోపాధ్యాయులు వస్తారు. వాళ్లు పాఠం చెబుతుంటే వెనక బెంచీలో పిల్లల పక్కన కూర్చుంటాను. అక్కడి నుంచి కనిపించిందే చెబుతున్నా.

థర్మాకోల్ మీద కవి బొమ్మ, మెరుపు కాగితాల చార్టు రికార్డుకు బాగానే ఉంటాయి. కానీ వాటితో పిల్లల చూపు చార్టు మీదికి పోతుంది, పద్యం మీదికి రాదు. నా లెక్కలో యాక్టివిటీకి ఒకటే పరీక్ష: అది పూర్తి చేయాలంటే పిల్లలు పద్యంలోని మాటల దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి. రాకుండానే పూర్తయిపోతే ఆ పీరియడ్ సరదాగా గడిచినట్టే, అంతకుమించి ఏమీ లేదు.

అందరికీ తెలిసిన వేమన పద్యంతోనే చూద్దాం. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు, చూడ చూడ రుచుల జాడ వేరు’. భావం చెప్పకండి, గణాల పేర్లూ ఎత్తకండి. ముందు చప్పట్లు కొట్టించండి. రెండో పాదంలో చూడ, చూడ, రుచుల, జాడ, వేరు అని సమానంగా ఐదు చప్పట్లు పడతాయి. నాలుగో పాదం ‘విశ్వదాభిరామ వినురవేమ’లోనూ అంతే. ఒకటి, మూడు పాదాలకు వచ్చేసరికి మొదటి మూడూ అలాగే పడి, చివరి రెండూ సాగుతాయి. ‘సార్, ఇక్కడ లేటవుతోంది’ అని పిల్లలే అంటారు. ఈ పద్యం ఛందస్సు ఆటవెలది, దాని లక్షణం అదే: బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు (పొట్టివి), రెండు ఇంద్రగణాలు (కాస్త పొడవైనవి), సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. సూత్రం తర్వాత ఏ తరగతిలో వచ్చినా వాళ్ల చేతులకు ముందే తెలిసి ఉంటుంది.

తర్వాత బోర్డు మీద ‘రుచుల’ అనే మాట చెరిపేసి, అక్కడ ఇంకేం పెట్టొచ్చో అడగండి. పద్యం అప్పటికే నోటికి వచ్చిన పిల్లలు ఉంటారు కాబట్టి, అదే మాట మళ్లీ చెప్పకూడదని షరతు పెట్టాలి. ఒకరు ‘వాసనల’ అంటారు. చప్పట్లు కొట్టి చూస్తే తాళం తప్పుతుంది. ఇంకొకరు ‘రంగు’ అంటారు. తాళం సరిగ్గా కుదురుతుంది! అప్పుడు మీరు నోరు మూసుకుని నిలబడాలి, కష్టమైన పని అదే. కాసేపటికి ఎవరో ఒకరు లేచి, ‘ఉప్పూ కర్పూరమూ రెండూ తెల్లగానే ఉంటాయిగా, రంగు వేరెలా అవుతుంది?’ అంటారు. ఈ వాదన ముగిసేసరికి సగం భావం వాళ్లే చెప్పేసి ఉంటారు. ఇక ‘పుణ్య పురుషులు వేరయా’ దగ్గర మీరు ఒక ప్రశ్న వేస్తే చాలు: చూడడానికి ఒకేలా ఉన్నా వేరని మీకు ఎవరి విషయంలో తెలిసింది? పేర్లు మాత్రం చెప్పనివ్వకండి, క్లాసులో గొడవలవుతాయి.

చిట్లు కలిపి పద్యం పేర్చే ఆట మీకు కాలేజీలో చెప్పే ఉంటారు. మంచిదే, కానీ పాదాలకు పాదాలు కత్తిరిస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది. మాటలుగా కత్తిరించండి.

ఇక రాయడం. ‘వాన గురించి రాయండి’ అంటే ‘వాన మనకు చాలా ఉపయోగకరమైనది’ అనే వాక్యమే క్లాసంతా వస్తుంది. గైడు మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, ఆ ప్రశ్నకు గైడే సరిపోతుంది. ప్రశ్న మార్చండి. ‘నిన్న రాత్రి పడుకునే ముందు మీ ఇంట్లో వినిపించిన చప్పుళ్లు రాయండి’ అంటే దానికి ఏ గైడులోనూ జవాబు ఉండదు. లేదంటే పొడుపుకథ రాయించండి. ‘చిటారు కొమ్మన మిఠాయి పొట్లం’ అంటే తేనెపట్టని అందరికీ తెలుసు. అలాగే తమ సంచిలోని ఒక వస్తువు మీద, దాని పేరు రాకుండా రెండు వాక్యాలు రాసి పక్క బెంచీకి ఇవ్వాలి. వాళ్లు విప్పాలి. పోలిక అంటే ఏమిటో వేరే చెప్పే పని ఉండదు.

కాస్త అలవాటయ్యాక నానీలకు వెళ్లండి. వేమన మీద పరిశోధన చేసిన ఎన్. గోపి గారు మొదలుపెట్టిన ప్రక్రియ ఇది. నాలుగు పాదాలు, మొత్తం 20 నుంచి 25 అక్షరాలు. ఛందస్సు భయం ఉండదు, అయినా లెక్క ఉంటుంది కాబట్టి ప్రతి మాటా ఉంచాలా తీసేయాలా అని పిల్లలు తెగ ఆలోచిస్తారు. మా 8వ తరగతి అమ్మాయి ఒకరు ఇలా రాసింది:

అమ్మ పత్తి చేనుకు
పోయింది
ఇంట్లో గడియారం
నన్నే చూస్తోంది

మొదట ‘నన్నే చూస్తూ ఉంది పాపం’ అని రాసుకుంది. అక్షరాలు లెక్కపెట్టుకుంటూ ‘పాపం’ తనే కొట్టేసింది. అది ఉన్నా 25 దాటదు. ఎందుకు తీసేశావంటే, ‘అది ఉంటే ఏడుపులా ఉంది సార్’ అంది. ఎడిటింగ్ గురించి దీనికన్నా బాగా నేనైతే చెప్పలేను.

దిద్దడం గురించి కూడా. మొదటి రోజే ఎర్ర పెన్నుతో గుణింతం తప్పులన్నీ చుట్టేస్తే మర్నాడు అందరూ తమకు బాగా వచ్చిన మాటలే రాస్తారు. బాగున్న ఒక్క వాక్యం కింద గీత గీసి ఇవ్వండి. తప్పులు వేరే రోజు, అందరికీ కలిపి బోర్డు మీద చెప్పొచ్చు. ‘గిట్ల’, ‘ఆడికి’ లాంటి ఇంటి మాటలు రాస్తే వాటిని తప్పుల్లో కలపకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. వీటిలో ఏది చేయించాలనుకున్నా ముందు మీ తోటి ఛాత్రోపాధ్యాయులతో కూర్చుని మీరు చేయండి. ఒక నానీ రాయడానికి మీకే ఎంత సేపు పడుతుందో చూస్తే, పిల్లలకు ‘ఐదు నిమిషాల్లో రాసెయ్యండి’ అని చెప్పరు. మీరు రాసినది క్లాసులో చదవండి, కొట్టివేతలతో సహా.

పాఠ్యప్రణాళికలో ఇవన్నీ ఎక్కడ ఇమడతాయని టెన్షన్ వద్దు. చప్పట్లూ మాటల మార్పిడీ ‘అవగాహన-ప్రతిస్పందన’ కింద, పొడుపుకథా నానీలూ ‘వ్యక్తీకరణ-సృజనాత్మకత’ కింద రాసుకోండి. రెండూ ఒకే పీరియడ్‌లో పెట్టకండి, 45 నిమిషాల్లో హాజరు, అల్లరి పోగా మిగిలేది తక్కువ. మీ లెక్చరర్ పరిశీలనకు వచ్చే రోజు మాత్రం కొత్తది మొదలుపెట్టకండి. పిల్లలకు అప్పటికే అలవాటైన చప్పట్లే వేరే పద్యంతో చేయించండి.