నెలలు నిండని బిడ్డకు పంపుతో తీసే పాలు పెరగాలంటే...

ప్రశ్న: డాక్టరుగారూ, మాది ఉప్పల్. నాకు బీపీ బాగా పెరగడంతో ముప్పయ్యో వారంలోనే ఆపరేషన్ చేసి పాపను తీశారు. పాపకు ఇప్పుడు పద్దెనిమిది రోజులు, బరువు 1,250 గ్రాములు. ఇంకా ఎన్ఐసీయూ (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగం)లోనే ఉంది, గొట్టం ద్వారా పాలు పోస్తున్నారు. చేతి పంపుతో రోజుకు అయిదుసార్లు తీస్తున్నాను. అన్నీ కలిపినా 220 మిల్లీలీటర్లు దాటడం లేదు. అక్కడే ఉన్న ఇంకో బిడ్డ తల్లికి ఒక్కసారికే సీసా నిండుతోంది. నిద్ర చాలకపోతే పాలు పడవని మా అమ్మ రాత్రిపూట లేవనివ్వదు. అత్తయ్యగారు మెంతులు, వెల్లుల్లి కారం పెడుతున్నారు కానీ నీళ్లు మాత్రం ఎక్కువ తాగవద్దంటున్నారు. పాలు పెరగడానికి మాత్రలేమైనా వాడవచ్చా?
- పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు పాలు పూర్తిస్థాయిలో ఇవ్వడం మొదలయ్యాక కిలో బరువుకు రోజుకు సుమారు 150 నుంచి 180 మిల్లీలీటర్లు అవసరమవుతాయి. ఆ ప్రకారం మీ పాపకు ఈ రోజు కావలసినవి 190 నుంచి 225 మిల్లీలీటర్లు. అంటే మీరు తక్కువని బాధపడుతున్న పాలే ఇప్పటికి ఆమె కడుపు నింపుతున్నాయి. పైగా నెలలు నిండని బిడ్డను కన్న తల్లి పాలలో తొలి వారాల్లో మాంసకృత్తులు ఎక్కువగా ఉంటాయి; పేగులను దెబ్బతీసే ప్రమాదకరమైన జబ్బు నుంచి ఇటువంటి పిల్లలకు తల్లిపాలు ఇచ్చే రక్షణ డబ్బా పాలతో రాదు. పక్క తల్లి సీసాతో పోల్చుకోవడం మానేయండి. ఆమె బిడ్డ వయసు, బరువు, ఆమె ఎన్ని గంటలకొకసారి తీస్తున్నారన్నది మీకు తెలియదు కదా.

అయినా మీరు ఇంతటితో ఊరుకోవచ్చని నేను అనను. పాప రెండున్నర కిలోలకు చేరేసరికి రోజుకు 400 మిల్లీలీటర్లు దాటి కావాలి, అప్పుడు చూసుకుందామంటే పెంచడం చాలా కష్టమవుతుంది. ఎందుకంటే రొమ్ములో పాలు ఏ మేరకు తయారవ్వాలన్నది ప్రసవం తరువాత మొదటి కొన్ని వారాల్లోనే చాలావరకు స్థిరపడుతుంది. అందువల్లనే రెండు వారాలు నిండేసరికి రోజుకు 500 నుంచి 750 మిల్లీలీటర్లు రావాలని లక్ష్యంగా పెట్టుకుంటారు, 350 కన్నా తక్కువ ఉంటే వెంటనే శ్రద్ధ పెడతారు. మీరు ఆ గీతకు దిగువన ఉన్నారు, కానీ సమయం మించిపోలేదు.

మాయ బయటికి వచ్చాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పడిపోవడంతో పాలు దిగడం ఎలాగూ మొదలవుతుంది, మనం పిండినా పిండకపోయినా. ఆ తరువాత అవి నిలవాలన్నా, పెరగాలన్నా రొమ్ము తరచుగా ఖాళీ కావాలి. నిండుగా ఉన్న రొమ్ములో పాల తయారీ మందగిస్తుంది, ఖాళీ అయిన రొమ్ములో వేగం అందుకుంటుంది. తీసిన ప్రతిసారీ ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది, అది రాత్రివేళ మరింత ఎక్కువగా ఉంటుంది. కాబట్టి మీ సమస్యకు మూలం మీ శరీరంలో ఉందని నేను అనుకోవడం లేదు. అయిదుసార్లు మాత్రమే తీయడం, రాత్రంతా తీయకుండా వదిలేయడం, ఈ రెండే చాలు పాలు తగ్గడానికి.

ఇరవైనాలుగు గంటల్లో కనీసం ఎనిమిదిసార్లు, వీలైతే పదిసార్లు తీయండి. గడియారం చూసి సరిగ్గా మూడేసి గంటలకే తీయాలన్న నియమం లేదు. పగలు రెండు గంటలకోసారి తీసి, రాత్రి ఒకే విడతగా నాలుగైదు గంటలు నిద్రపోవచ్చు. మీ అమ్మగారి మాటను పూర్తిగా తోసిపుచ్చవలసిన పని లేదు, బాలింతకు నిద్ర అవసరమే. అయితే పదకొండింటికి ఒకసారి తీసి పడుకుని, మూడు, నాలుగు గంటల మధ్య లేచి మరొకసారి తీయడం వల్ల కుట్లకు హాని జరగదు. ఆ వేళ పంపు భాగాలు కడగడం, పాలు ఫ్రిజ్‌లో పెట్టడం ఆమె చేసిపెడితే మీకు అరగంట నిద్ర మిగులుతుంది. పగలు కూడా ఇంటిపని మీ మీద పడకుండా చూసేవారు ఉండాలి, రోజుకు ఎనిమిదిసార్లు పాలు తీసే మనిషికి అదే పెద్ద ఉద్యోగం.

చేతి పంపు అప్పుడప్పుడూ వాడుకునేవారికి సరిపోతుంది, బిడ్డ నోరు పెట్టి తాగని దశలో పూర్తిగా దానిమీదే ఆధారపడటం మంచిది కాదు. రెండు రొమ్ములనుంచి ఒకేసారి తీసే విద్యుత్ పంపు కావాలి. కొనే స్తోమత లేకపోతే మీ ఎన్ఐసీయూలో ఉందేమో నర్సులను అడగండి, హైదరాబాదులో అద్దెకిచ్చేవారూ ఉన్నారు. పంపు గరాటు కొలత మీకు తగినదిగా ఉండాలి: చనుమొన దాని గొట్టంలో స్వేచ్ఛగా కదలాలి, చుట్టూ ఉన్న నల్లని భాగం మరీ ఎక్కువగా లోపలికి లాగబడకూడదు. నొప్పి పుడితే పంపు వేగం పెంచడం కాదు, గరాటు మార్చాలి. నొప్పి ఉంటే పాలు చేపుకు రావు.

తీసే ముందు రొమ్మును వేళ్లతో మృదువుగా మర్దన చేసి, పంపు నడుస్తుండగా గట్టిగా అనిపించే చోట్ల అరచేతితో ఒత్తుతూ ఉండండి. పదిహేను, ఇరవై నిమిషాల తరువాత ధార ఆగినా మరో రెండు నిమిషాలు కొనసాగించి, చివరన చేత్తో పిండండి. పంపు ఒక్కదానితో తీసేవారికన్నా చేతిని కూడా ఉపయోగించేవారికి ఎక్కువ పాలు వస్తాయని ఈ రంగంలో పనిచేసేవారందరికీ అనుభవమే. సీసా వంక చూస్తూ కూర్చోకండి, ఒక గుడ్డ కప్పేయండి. ఆందోళన చేపును అడ్డుకుంటుంది. ఎన్ని వచ్చాయన్నది ఒక్కో విడతకు కాకుండా రోజు మొత్తానికి రాసుకోండి, ఉదయం ఎక్కువగా, సాయంత్రం తక్కువగా రావడం సహజం.

మందులకన్నా ముందు మీరు అడగవలసింది కంగారూ సంరక్షణ. పాపను డైపరు, టోపీలతో మీ ఛాతీమీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టుకోవడమే అది. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్ల కొరతకు విరుగుడుగా మొదలైన ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో నెలలు నిండని పిల్లలందరికీ వీలైనంత త్వరగా మొదలుపెట్టి, రోజుకు 8 నుంచి 24 గంటలు చేయమని సిఫారసు చేసింది. పాపను దింపిన వెంటనే అక్కడే పాలు తీయండి. ఇంటిదగ్గరకన్నా ఎక్కువ రావడం చాలామంది తల్లులు గమనిస్తారు. పాప స్థిరంగా ఉంటే, ఖాళీ చేసిన రొమ్మును చీకనివ్వవచ్చా అని కూడా డాక్టరును అడగండి.

తిండి విషయానికి వద్దాం. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలల్లో రోజుకు దాదాపు 600 కేలరీలు అదనంగా కావాలి. అన్నం, పప్పు, గుడ్లు, పెరుగు, మునగాకు, ఏవైనా సరే. వెల్లుల్లి కారం రుచికి తినండి. మెంతులు పాలు పెంచుతాయనడానికి ఆధారాలు బలహీనం, కూరలో వేసుకుంటే మాత్రం నష్టం లేదు. మందులా ఎక్కువ మోతాదులో తీసుకుంటే కొందరిలో రక్తంలో చక్కెర తగ్గవచ్చు. నీళ్ల పథ్యం మాత్రం వదిలేయవలసిందే. దాహం వేసినప్పుడల్లా తాగండి. అలాగని బిందెలకొద్దీ తాగినంతమాత్రాన పాలు పెరగవు.

డాంపెరిడోన్ వంటి మాత్రలు ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి కానీ ప్రయోజనం పరిమితం, గుండె లయ తప్పే ప్రమాదం కొందరికి ఉంటుంది. రోజుకు ఎనిమిదిసార్లు తీస్తూ కూడా ఫలితం లేనప్పుడే, మీ వైద్యులు పరీక్షించి రాస్తేనే వాడాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకోకండి. ఈలోగా హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. రక్తస్రావం ఎక్కువగా కొనసాగుతుంటే మాయ ముక్కలేమైనా మిగిలాయేమో చూడాలి, అదీ పాలు పడకపోవడానికి కారణం కావచ్చు. జలుబుకు సూడోఎఫెడ్రిన్ ఉన్న మాత్రలు వేసుకోకండి, పాలు తగ్గుతాయి. రొమ్ము ఎర్రబడి, గట్టిపడి, జ్వరం వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: మా బాబు కూడా నెలలు నిండకుండానే పుట్టాడు. కూకట్‌పల్లి నుంచి ఆసుపత్రికి ఎండలో పాలు తీసుకువెళ్లడం ఎలా? మా ఆవిడకు పాలు చాలడం లేదు, మా వదిన పాలు ఇవ్వవచ్చా?
- ఒక తండ్రి

జవాబు: తీసిన వెంటనే శుభ్రమైన సీసాలో మూతపెట్టి, బిడ్డ పేరు, తేదీ, సమయం రాసి ఫ్రిజ్ లోపలి అరలో పెట్టండి, తలుపులో వద్దు. మామూలు గది వేడిలో నాలుగు గంటల వరకు నిలుస్తాయంటారు గానీ, మన ఏప్రిల్, మే నెలల ఎండకు ఆ లెక్క వర్తించదు. ప్రయాణంలో ఐస్ ప్యాకులున్న థర్మోకోల్ డబ్బా వాడండి. వెచ్చని పాలను చల్లని పాలలో కలపకండి. ఎంతసేపటి పాలు తీసుకుంటారన్నది మీ ఎన్ఐసీయూ నియమాన్నే పాటించండి, నెలలు నిండని పిల్లల విషయంలో వారు మరింత కచ్చితంగా ఉంటారు.

మీ వదినగారి పాలను నేరుగా ఇవ్వవద్దు, ఆమె ఎంత ఆరోగ్యంగా ఉన్నా సరే. కొన్ని ఇన్ఫెక్షన్లు పాల ద్వారా సంక్రమిస్తాయి. తల్లిపాల బ్యాంకుల్లో దాతలకు రక్తపరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు వేడిచేసిన తరువాతే ఇస్తారు. మన నగరంలో నిలోఫర్ ఆసుపత్రిలో ‘ధాత్రి’ తల్లిపాల బ్యాంకు ఉంది. మీ బాబుకు దాత పాలు అవసరమా, ఎక్కడినుంచి తెప్పించగలరు అని అతనిని చూస్తున్న నవజాత శిశు వైద్యులనే అడగండి, వదినగారికి మిగులు పాలుంటే బ్యాంకుకు దానం చేయవచ్చు. ఈలోగా మీ ఆవిడ రోజుకు ఎన్నిసార్లు తీస్తున్నారో చూసి, పై జవాబును ఆమెకు చదివి వినిపించండి.