పిల్లలతో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరానికి వెళ్తే ఏం చూడాలి, ఏం తినాలి?

ముందుగా గిన్యోల్ బొమ్మలాట చూడండి. పట్టునేత పని పోయి, పళ్లు పీకే వృత్తి చేపట్టిన లోరాన్ మూర్గే, రోగులను ఆకట్టుకోవడానికి ఆడించిన చేతిబొమ్మల నుంచి 1808 ప్రాంతంలో ఈ పాత్ర పుట్టింది. మాటలు ఫ్రెంచిలోనే సాగినా, కర్ర పట్టుకుని గిన్యోల్ చేసే హడావుడి ఏ పిల్లవాడికైనా ఇట్టే అర్థమవుతుంది. పాత నగరంలో ఇళ్ల లోపలి నుంచి ఒక వీధిని మరో వీధికి కలిపే త్రబూల్ అనే దారుల్లో నడిచేటప్పుడు, అక్కడ జనం నివసిస్తున్నారు కనుక, పిల్లలను మెల్లగా మాట్లాడమనండి. తెత్ దోర్ పార్కులోని జంతుప్రదర్శనశాలకు టికెట్ లేదు.

భోజనానికి బుషోన్ అనే సంప్రదాయ హోటళ్లున్నాయి. వాటిలో పంది మాంసం, పేగుల వంటకాలు ఎక్కువ కాబట్టి, ఏ వంటకంలో ఏముందో అడిగి ఆర్డర్ చెప్పండి. పిల్లలకు కెనెల్ అనే మెత్తని చేప ముద్దలు, చక్కెర పూత పూసిన బాదం పప్పులతో (ప్రలీన్) చేసే గులాబీ రంగు టార్ట్ నచ్చుతాయి.