రాస్తారోకోలో కారు ముందుకు పోనిస్తే తప్పెవరిది?

మీ ప్రశ్న నాకు అర్థమైంది. రాస్తారోకోలో ఇరుక్కుని అరగంట చూశారు, తర్వాత కారు మెల్లగా ముందుకు పోనిచ్చారు, ఒకాయన మోకాలికి బంపరు తగిలింది. "రోడ్డుకు అడ్డం కూర్చున్నది వాళ్లైతే కేసు నా మీద ఎందుకు?" అంటున్నారు. నేనేం లాయరును కాదు. కానీ ఇలాంటి పనే నేనూ ఒకసారి చేశాను.

2019 మే నెల. అనంతపురం నుంచి కదిరికి, బంధువులమ్మాయి నిశ్చితార్థానికి పోతున్నాం. బత్తలపల్లి దాటాక ఒక ఊరి దగ్గర ఆడవాళ్లు ఖాళీ బిందెలు రోడ్డు మీద వరసగా పెట్టి, వాటి వెనక కూర్చున్నారు. ఎండాకాలంలో మా జిల్లాకు ఇది కొత్త కాదు. ఓట్లు అయ్యేదాకా రోజూ వచ్చిన ట్యాంకర్ ఓట్లు పడినాక రావడం తగ్గిందట.

నలభై నిమిషాలు ఆగాను. వెనక సీట్లో పిల్లల గోల, ఫోన్లో మా బావ "యాడున్నారప్పా, టైమవుతాంది" అని. దిగి వెళ్లి "కార్లో పేషెంట్ ఉన్నాడక్కా, కొంచెం దారివ్వండి" అని అబద్ధం చెప్పాను. ఒకామె లేచి వచ్చి కార్లోకి తొంగి చూసింది. పట్టుచీరల్లో మా ఆవిడ, మా అత్త, వాళ్ల ఒళ్లో పళ్ల తట్ట. ఒక్క మాటా అనకుండా పోయి మళ్లీ కూర్చుంది.

సిగ్గు పడాల్సింది పోయి నాకు కోపం వచ్చింది. ఫస్ట్ గేర్ వేసి, క్లచ్ సగం వదిలి కొంచెం కొంచెంగా పోనిచ్చాను. గుద్దడం లేదు కదా, బెదిరిస్తున్నా అంతే, వాళ్లే లేచి పోతారు అని నా లెక్క. ప్లాస్టిక్ బిందె ఒకటి టప్పున పగిలింది. దాని వెనకే ఒక ముసలామె లేవడానికి నేల మీద చెయ్యి ఆనించి ఉంది. ఆ చేతికీ నా టైరుకూ మధ్య జానెడు.

"ఏమప్పా, మీదెక్కిస్తావా?" అంది. అరవలేదు. నిజంగానే అడిగింది.

నా లెక్కంతా ఆమె టక్కున లేవగలదన్న నమ్మకం మీద నిలబడింది. ఆమె మోకాళ్ల సంగతి నాకేం తెలుసు?

బండి ఆపి దిగాను. చుట్టూ చేరి తిట్టారు, చెయ్యి మాత్రం చేసుకోలేదు. బిందెకు డబ్బులిస్తే "అది పెట్టుకోని నీళ్లు తెప్పియ్యి" అన్నారు.

నాకు ఇంకా గుచ్చుకునేది వేరే ఉంది. 2013లో సమైక్యాంధ్ర ఉద్యమం నాడు, ఆర్టీసీ బస్సులు దాదాపు రెండు నెలలు ఆగిపోయిన రోజుల్లో, బెంగళూరు హైవే మీద అడ్డం కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. తమిళనాడు లారీ డ్రైవర్ ఒకాయన ఇంజిన్ ఆపేసి, లారీ నీడలో స్టవ్ పెట్టుకుని అన్నం వండుకున్నాడు. సరుకు లేటైతే ఓనరు ఊరుకోడు, అయినా మా మీదికి హారన్ కూడా కొట్టలేదు. ఆరేళ్లకు నేను చేసింది ఇది.

చట్టం దగ్గరికి వస్తే, రోడ్డుకు అడ్డం కూర్చోవడమూ నేరమే. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 దాకా జరిమానా, మనిషిని అడ్డగిస్తే 126 కింద నెల దాకా జైలు. నిరసన హక్కు ఉంది గానీ దారులను ఎల్లకాలం ఆక్రమించుకోకూడదని 2020లో, ఢిల్లీలో నెలల తరబడి రోడ్డు మీద సాగిన నిరసన గురించిన షాహీన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అయితే ఆ తప్పుకు శిక్ష వేయడం పోలీసులు, కోర్టులు చూసుకునే పని. మన వైపు ఉన్నవి వేరే సెక్షన్లు. నిర్లక్ష్యంగా నడిపితే 281 కింద ఆరు నెలల దాకా, ప్రాణం పోతే 106 కింద ఐదేళ్ల దాకా. మీరు ఆగి, చూసి, తెలిసే పోనిచ్చారు కాబట్టి "పొరపాటున తగిలింది" అని వాదించడం ఇంకా కష్టం. ఆలస్యానికి వాళ్లను ఎంతైనా తిట్టండి, నేనూ తిడతాను. కాలు యాక్సిలరేటర్ మీద పెట్టింది మాత్రం మీరే.

జనం రాళ్లు వేస్తూ అద్దాలు పగలగొడుతుంటే సంగతి వేరు, అప్పుడు బయటపడాల్సిందే. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ కూడా దాన్ని గుర్తించింది. దెబ్బ తగిలినవాళ్లకు వైద్యం అందేలా చూడడం డ్రైవర్ బాధ్యత అంటూనే, జనాగ్రహం వల్ల వీలు కాకపోతే మినహాయింపు ఇచ్చింది. అలాంటప్పుడు నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోవాలి. మీరు రాసినదాంట్లో రాళ్లూ లేవు, కర్రలూ లేవు.

డ్రైవర్లు ఎప్పుడూ అవతలి పక్షమే అనుకోకండి. హిట్ అండ్ రన్‌కు పదేళ్ల జైలు అన్నందుకు 2024 జనవరిలో లారీ డ్రైవర్లే బండ్లు ఆపేసి రోడ్డెక్కారు. ఆ ఏడాది జులై 1న ఈ న్యాయ సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు.

లాయరును కలవండి, సరే. ఆ మోకాలికి దెబ్బ తగిలినాయన ఎలా ఉన్నాడో మాత్రం మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. ముందు అది కనుక్కోండి.

మా సంగతి అంటారా, ఆఫీసు నుంచి ఎవరో వచ్చి సాయంత్రానికి ట్యాంకర్ పంపుతామన్నాక దారి వదిలారు. నిశ్చితార్థానికి రెండు గంటలు లేటుగా చేరాం. ఎవరూ ఏమీ అనలేదు. తాంబూలాలు మార్పించాల్సిన అయ్యవారు మా వెనక నాలుగో బండిలో ఉన్నాడు.